లార్డ్స్ మైదానాన్ని జరిపిన కాలువ

లండన్‌లో లిటిల్ వెనిస్ నుంచి కామ్‌డెన్ దాకా కాలువ మీద పడవలో వెళ్తే ముప్పావుగంట పడుతుంది. దూరం చూస్తే నాలుగు కిలోమీటర్లే. పడవల వేగం గంటకు 4 మైళ్లు, అంటే దాదాపు ఆరున్నర కిలోమీటర్లు మించకూడదన్నది ఇక్కడి నియమం. గట్టుకు కట్టేసిన పడవల పక్కనుంచి పోయేటప్పుడు ఇంకా తగ్గించాలి. లేకపోతే అల తాకిడికి వాటి కట్లు వదులవుతాయి. గట్టు మీద చురుగ్గా నడిచేవాళ్లు మన పడవను దాటేసి ముందుకు వెళ్లిపోతుంటారు. 90 లక్షల మంది ఉండే మహానగరం నడిబొడ్డున ఇంత నిదానమైన దారి ఇంకా మిగిలి ఉండటమే మొదటి వింత.

ఆ దారి పేరు రీజెంట్స్ కెనాల్. పొడవు 13.8 కిలోమీటర్లు. నగరానికి పడమర పాడింగ్టన్ దగ్గర మొదలై, ఉత్తరం అంచున వంపు తిరిగి, తూర్పున లైమ్‌హౌస్ దగ్గర థేమ్స్ నదిలో కలుస్తుంది. ఈలోగా 26 మీటర్లు దిగువకు దిగుతుంది. అందుకు పడవల్ని ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే 12 లాకులు, నదిలోకి దిగేచోట మరొకటి. 1812లో పార్లమెంటు అనుమతి వచ్చింది. 1816లో కామ్‌డెన్ దాకా, 1820 ఆగస్టు 1న పూర్తిగా తెరిచారు. అప్పటి యువరాజు, తర్వాత నాలుగో జార్జ్ అయిన ప్రిన్స్ రీజెంట్ పేరు పెట్టారు. ఖర్చు 7 లక్షల 72 వేల పౌండ్లు, అంటే మొదటి అంచనాకు రెట్టింపు. ఈ కాలువ ఆలోచనను ముందుగా బయటపెట్టిన థామస్ హోమరే కంపెనీ సొమ్ము కాజేస్తూ 1815లో దొరికిపోయాడు.

కష్టపడి పూర్తి చేసిన 17 ఏళ్లకే లండన్‌కు బర్మింగ్‌హామ్ వైపు నుంచి రైలొచ్చింది. సరుకు రవాణాలో రైలుతో కాలువ నెగ్గలేదు. అయినా ఒకసారి నేలలో పడ్డ ఈ నీటిగీతకు నగరమే సర్దుకోవాల్సి వచ్చింది. మైదానం జరిగింది, స్టేషన్లు ఎత్తుకు లేచాయి, కరెంటు గట్టు కిందికి చేరింది. పడవలో కూర్చుంటే ఆ సర్దుబాట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కళ్లముందుకు వస్తాయి.

క్రికెట్‌కు కొత్త చిరునామా

లిటిల్ వెనిస్‌లో బయల్దేరిన కాసేపటికి పడవ మైదా హిల్ సొరంగంలోకి దూరుతుంది. 249 మీటర్ల పొడవు. బయటికొచ్చాక చుట్టుపక్కలంతా సెయింట్ జాన్స్ వుడ్. క్రికెట్ తెలిసినవాళ్లకు ఈ పేరు చాలు, లార్డ్స్ మైదానం ఉన్నది ఇక్కడే. అసలు ఆ మైదానం ఇప్పుడున్న చోటికి వచ్చింది ఈ కాలువ వల్లే.

థామస్ లార్డ్ అనే వ్యాపారి తన మొదటి మైదానాన్ని డోర్సెట్ స్క్వేర్ దగ్గర పెట్టాడు. కౌలు గడువు తీరాక 1811లో రెండో చోటికి మారాడు. అక్కడ కుదురుకునే లోపే కాలువ దారి సరిగ్గా ఆ మైదానం మీదుగా ఖరారైంది. ఖాళీ చేయక తప్పలేదు, కాలువ కంపెనీ పరిహారం చెల్లించింది. లార్డ్ తన గడ్డిపరుపును కూడా చోటు మారినప్పుడల్లా వెంట తీసుకెళ్లాడు. మూడో చోట, అంటే ఈనాటి లార్డ్స్‌లో, 1814 జూన్‌లో ఆట మొదలైంది.

తెలుగువాళ్లకు ఈ చోటుతో ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. భారత జట్టు తన మొట్టమొదటి టెస్టు మ్యాచ్‌ను ఇక్కడే ఆడింది. తేదీ 1932 జూన్ 25. కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆ మ్యాచ్‌లో 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. సరిగ్గా 51 ఏళ్లకు అదే తేదీన, 1983 జూన్ 25న, అదే మైదానంలో వెస్టిండీస్‌ను 43 పరుగులతో ఓడించి కపిల్‌దేవ్ బృందం ప్రపంచకప్ ఎత్తింది. కాలువ గీత కొంచెం అటో ఇటో పడి ఉంటే ఈ రెండు రోజులూ లండన్‌లో మరో వీధిలో జరిగి ఉండేవి.

పార్కు అంచున

ఇక్కణ్నుంచి కాలువ రీజెంట్స్ పార్కు ఉత్తరపు అంచును ఆనుకుని, లోతైన కోతలో వెళ్తుంది. కాలువ కంపెనీలో వాటాదారు, పార్కుకు రూపశిల్పి ఒక్కరే: జాన్ నాష్. పార్కు మధ్యలోంచి పడవలు సాగిపోతుంటే చూడముచ్చటగా ఉంటుందని ఆయన కోరిక. కానీ పడవవాళ్ల నోటి దురుసు పార్కులోని పెద్దింటివాళ్ల చెవిన పడుతుందని అభ్యంతరం వచ్చింది. దాంతో కాలువను అంచుకు నెట్టి, చెట్ల చాటున, గట్ల నడుమ దాచారు. ఆ దాపరికమే ఇవాళ మనకు మేలు చేసింది. నగరం రణగొణ పైనే ఆగిపోతుంది. కింద నీళ్లు, చెట్లు, బాతులు.

ఇక్కడే గట్టు మీద ఆరు తెల్లటి భవనాలు వరసగా కనిపిస్తాయి. స్తంభాలు, గోపురాలు చూసి నాష్ కాలంవే అనుకుంటాం. నిజానికి అవి క్విన్లన్ టెర్రీ గీసిన నమూనాలతో 1988 తర్వాత కట్టినవి. పాత పద్ధతిలో అంత నిష్ఠగా కొత్త ఇళ్లు కట్టడం నాకు ముచ్చటగానే అనిపిస్తుంది.

వాటిని దాటితే మాకిల్స్‌ఫీల్డ్ వంతెన. స్థానికులు దీన్ని పేలిన వంతెన అనే పిలుస్తారు. 1874 అక్టోబర్ 2, తెల్లవారుజామున అయిదు గంటల ప్రాంతం. ఆవిరి పడవ లాక్కెళ్తున్న సరుకు పడవల వరసలో టిల్‌బరీ అనేది ఒకటి. అందులో చక్కెరతోపాటు పెట్రోలియం, సుమారు 5 టన్నుల తుపాకిమందు ఉన్నాయి. సరిగ్గా వంతెన కిందికి రాగానే పేలింది. పడవలోని ముగ్గురూ చనిపోయారు, వంతెన ధ్వంసమైంది, చాలా దూరం దాకా కిటికీ అద్దాలు పగిలాయి. వంతెన మొత్తం పోయినా ఇనుప స్తంభాలు మాత్రం నిలిచాయి. కోల్‌బ్రూక్‌డేల్‌లో పోతపోసినవి అవి. వాటినే మళ్లీ వాడి వంతెన కట్టారు. ఆ మరుసటి ఏడాదే, 1875లో, బ్రిటన్‌లో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది.

ఈ వంతెన దగ్గర తప్పకుండా చూడాల్సింది స్తంభాల మీది గాడులు. ఆ రోజుల్లో పడవలను గట్టు మీద నడిచే గుర్రాలు తాడుతో లాగేవి. తడిసి ఇసుక పట్టిన తాడు ఏళ్ల తరబడి ఒరుసుకుని ఇనుములో లోతైన చారలు కోసింది. పేలుడు తర్వాత స్తంభాలను తిప్పి నిలబెట్టారు. దాంతో పాత చారలు అవతలి వైపుకు వెళ్లిపోయి, ఇవతలి వైపు కొత్తవి పడ్డాయి. రెండు తరాల గుర్రాల శ్రమ ఒకే స్తంభానికి రెండు పక్కలా నమోదైంది. ఇంతకంటే నమ్మదగ్గ చరిత్ర పుస్తకం ఈ కాలువ మీద మరొకటి లేదనిపిస్తుంది.

తర్వాత లండన్ జూ. కాలువ జూ మధ్యలోంచి పోతుంది. ఒడ్డున అల్యూమినియం గొట్టాలతో, తీగలతో గాల్లో వేలాడుతున్నట్టు ఉండే పెద్ద పంజరం 1965లో పక్షుల కోసం తెరిచినది. 2022 నుంచి అందులో కోలబస్ కోతులున్నాయి. పడవలోంచే కనిపిస్తాయి. ఆ పక్కనే కాలువ చీలి మొండిగా ఆగిపోయే చోట ఎర్రటి తేలే చైనా రెస్టారెంటు ఉంటుంది. ఒకప్పుడు అక్కణ్నుంచి ఒక శాఖ కంబర్లండ్ మార్కెట్ దాకా వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిన ఇళ్ల రాళ్లూరప్పలతో దాన్ని పూడ్చేశారు.

మైసూరు రాకెట్లు, కామ్‌డెన్ లాకులు

పడవ ప్రయాణం కామ్‌డెన్‌లో హాంప్‌స్టెడ్ రోడ్ లాకుల దగ్గర ముగుస్తుంది. లాకుల పనితీరు గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. చెప్పుకోవాల్సింది వాటి నీటి ఖర్చు. 14 అడుగుల వెడల్పుండే ఈ లాకును ఒకసారి తెరిచి మూస్తే దాదాపు రెండున్నర లక్షల లీటర్లు పైనుంచి కిందికి పోతాయి. నదిలోంచి తీసిన కాలువ కాదు కాబట్టి ఆ నీళ్లు ఎక్కణ్నుంచి తేవాలన్నది మొదటినుంచీ పెద్ద బెంగ. చివరికి 1835లో బ్రెంట్ నదికి అడ్డుకట్ట వేసి ప్రత్యేకంగా ఒక జలాశయమే కట్టాల్సి వచ్చింది.

ఆ బెంగను మొదట్లోనే తీరుస్తానని ముందుకొచ్చినవాడు విలియం కాంగ్రీవ్. రాకెట్ల కాంగ్రీవే. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాలు ఇనుప గొట్టాల రాకెట్లతో ఈస్టిండియా కంపెనీ సేనను హడలెత్తించాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లు ఇంగ్లండ్ చేరాయి. వాటిని పరిశీలించి కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హాగన్ మీద కురిపించింది వాటినే. అమెరికాలోని వాలప్స్ కేంద్రంలో టిప్పు రాకెట్ల యుద్ధచిత్రం చూసి పొంగిపోయానని అబ్దుల్ కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు.

అదే కాంగ్రీవ్ కామ్‌డెన్‌లో లాకు బదులు ఒక ఎత్తుడు యంత్రం ప్రతిపాదించాడు. పక్కపక్కన రెండు పెద్ద నీటి తొట్లు. వాటి అడుగున బిగించిన గాలి. ఒక తొట్టిలోని పడవ కిందికి దిగుతుంటే ఆ గాలి ఒత్తిడితో రెండో తొట్టిలోని పడవ పైకి లేవాలి. నీళ్లు దాదాపు వృథా కావు. ఆలోచన గొప్పది. కాలువ కంపెనీ ఒప్పుకుని నిజంగానే కట్టించింది కూడా. కానీ గాలిని అంత గట్టిగా పట్టి ఉంచే పనితనం ఆనాటి ఇనుముకు లేదు. యంత్రం మొరాయించింది. దాన్ని విప్పేసి మామూలు జంట లాకులు కట్టారు. ఈ కాలువ మీద లాకులన్నీ మొదట జంటలే. ఒకటి తెరిచేటప్పుడు సగం నీళ్లు పక్కదానికి మళ్లించేవారు. ఇవాళ జంటగా పనిచేస్తున్నది ఈ ఒక్కచోటే.

కామ్‌డెన్ దాకా వచ్చే ఈ మట్టానికీ ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కణ్నుంచి పడమరగా వెనక్కి వెళ్తే 27 మైళ్లు, అంటే 43 కిలోమీటర్లు ఒక్క లాకూ లేకుండా నీళ్లు ఒకే మట్టంలో ఉంటాయి. లిటిల్ వెనిస్ పడవకు లాకుల గొడవ లేకపోవడానికి కారణం అదే.

గట్టు అంచున అక్కడక్కడా నీళ్లలోకి దిగే చిన్న ఏటవాలు మెట్లు కనిపిస్తాయి. రైలింజన్ కూతకు బెదిరి గుర్రాలు కాలువలో పడిపోయేవి. వాటిని నడిపించి బయటికి తేవడానికి కట్టినవి అవి. గుర్రం బండి మీద టన్నో రెండు టన్నులో లాగితే, నీటి మీద ముప్పై టన్నుల పడవను లాగేది. 1956 దాకా ఇక్కడ గుర్రాలతో సరుకు నడిచింది.

నీటికి తలవంచిన రైళ్లు

కామ్‌డెన్ దాటి తూర్పుకు వెళ్లాలంటే మామూలు టికెట్టు పడవలుండవు. గట్టు మీద నడవాలి, లేదా సొంత పడవ కావాలి. నా మట్టుకు అసలు విశేషాలు మొదలయ్యేది ఇక్కణ్నుంచే.

ఉత్తరాది నుంచి లండన్‌కు వచ్చిన రైలు మార్గాలన్నీ ఈ కాలువను దాటాల్సిందే. కాలువ ముందే ఉంది, దాన్ని కదిలించలేరు. పైనుంచి పోవాలి, లేదా కిందినుంచి పోవాలి. మొదట వచ్చింది 1837లో రాబర్ట్ స్టీవెన్సన్ వేసిన లండన్–బర్మింగ్‌హామ్ రైలు. ఆయన కాలువ మీదుగా వంతెన వేశాడు. దాంతో యూస్టన్ స్టేషన్‌లో బయల్దేరిన బండి వెంటనే నిటారైన ఎక్కుడు ఎక్కాల్సి వచ్చింది. మొదటి ఏడేళ్లు బళ్లను కామ్‌డెన్‌లో నేలమాళిగలో పెట్టిన ఆవిరి యంత్రాలు మోకుతో పైకి లాగాయి. ఆ ఇటుకల మాళిగలు ఇప్పటికీ భూమి కింద ఉన్నాయి.

1852లో కింగ్స్ క్రాస్ కట్టినవాళ్లు కాలువ కిందినుంచి సొరంగం తవ్వారు. అందుకే ఆ స్టేషన్ వీధి మట్టంలో ఉంటుంది. 1868లో పక్కనే సెయింట్ పాంక్రస్ కట్టిన మిడ్‌లాండ్ కంపెనీ పైనుంచి దాటింది. కాలువ దాటాక రైలు ఒక్కసారిగా కిందికి దిగలేదు కాబట్టి ప్లాట్‌ఫారాలు వీధికి ఒక అంతస్తు ఎత్తున నిలిచాయి. రోడ్డు దాటితే చేరుకునేంత దగ్గరున్న రెండు స్టేషన్లు వేర్వేరు ఎత్తుల్లో ఎందుకున్నాయో స్టేషన్లలో నిలబడి చూస్తే అర్థం కాదు. కాలువ గట్టుకు వస్తేనే తెలుస్తుంది.

ఆ ఎత్తు వల్ల ప్లాట్‌ఫారాల కింద పెద్ద ఖాళీ మిగిలింది. బర్టన్ ఊరి నుంచి వచ్చే బీరు పీపాలు అక్కడ నిల్వచేశారు. కింది స్తంభాల మధ్య ఎడాన్ని పీపాల కొలతను బట్టి నిర్ణయించారు. పైన విలియం బార్లో వేసిన ఇనుప కప్పు మధ్యలో ఒక్క స్తంభం లేకుండా 73 మీటర్లు పరుచుకుని, అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్దదిగా నిలిచింది. 2007 నుంచి పారిస్ రైలు ఎక్కేవాళ్లు ఆ బీరు పీపాల గదుల్లోంచే వెళ్తున్నారు.

ఇక్కడి గట్టు మీదే 1852 నాటి ధాన్యపు గిడ్డంగి ఉంది. పడవలు నేరుగా భవనం కిందికే వచ్చి గోధుమలు ఎక్కించుకునేవి. ఇప్పుడది కళల కళాశాల. పడవలు ఆగిన రేవును పూడ్చి పరిచిన చప్టాలో 1,080 నీటి ధారలు ఎగుస్తుంటాయి. పాత గ్యాస్ ట్యాంకుల ఇనుప చట్రాలను విప్పి, యార్క్‌షైర్ పంపి బాగుచేయించి, తెచ్చి కాలువ ఒడ్డున మళ్లీ నిలబెట్టారు. ఒకదానిలో పార్కు, మూడింటిలో ఇళ్లు. దగ్గర్లో 1920ల నాటి డచ్చి పడవలో పుస్తకాల దుకాణం నడుస్తోంది.

నార్వే మంచు, ఇస్లింగ్టన్ చీకటి

బాటిల్‌బ్రిడ్జ్ రేవులో లండన్ కెనాల్ మ్యూజియం ఉన్న భవనం ఒకప్పటి మంచు గిడ్డంగి. స్విట్జర్లండ్ నుంచి వచ్చిన కార్లో గట్టి కట్టించాడు. నార్వే చెరువుల్లో కోసిన మంచు దిమ్మలు ఓడలో లైమ్‌హౌస్‌కు, అక్కణ్నుంచి కాలువ పడవల్లో ఇక్కడికి వచ్చేవి. నేలలో తవ్విన పెద్ద బావుల్లో నెలల తరబడి నిల్వ ఉండేవి. ఫ్రిజ్‌లు లేని కాలంలో లండన్ సామాన్యుడి నాలుకకు ఐస్‌క్రీం రుచి అంటించినవాళ్లలో కార్లో గట్టి ముఖ్యుడు. మద్రాసు ఐస్‌హౌస్ సంగతి తెలిసినవాళ్లకు ఈ వ్యాపారం కొత్త కాదు. అక్కడ దిగిన మంచు అమెరికాది.

మ్యూజియం దాటగానే ఇస్లింగ్టన్ సొరంగం. 878 మీటర్లు, లండన్ కాలువ సొరంగాల్లో అతి పొడవైనది. తిన్నగా తవ్వారు కాబట్టి ఒక చివర నుంచి చూస్తే రెండో చివర వెలుగు చుక్క కనిపిస్తుంది. లోపల గట్టు లేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించుకెళ్లేవారు. పడవను నడిపే పని మనుషులది: చెక్క మీద వెల్లకిలా పడుకుని, కాళ్లతో సొరంగం గోడను తన్నుతూ ఒక్కో అడుగూ జరపాలి. తడి, చీకటి, పైన కారే నీళ్లు. టన్నులకొద్దీ బరువు. 1826లో ఆవిరి పడవ వచ్చి, కాలువ అడుగున పరిచిన గొలుసును పట్టుకుని ముందుకు జరుగుతూ వెనక పడవల్ని లాగింది. ఈ పద్ధతి 1930ల దాకా సాగింది. ఈ కాలువ మీద ఎవరి కష్టం ఎక్కువ అని అడిగితే, ఆ కాళ్లతో తన్నినవాళ్ల పేరే చెప్తాను.

గట్టు కింద నాలుగు లక్షల వోల్టులు

19వ శతాబ్దంలో ఈ కాలువను పూడ్చి రైలు పట్టాలు వేయాలని పదేపదే ప్రయత్నించారు. 1845లోనే ఆ మాట వచ్చింది. డబ్బు సమకూడక ఆగింది. 1960ల చివరికి సరుకు పడవలు దాదాపు లేకుండా పోయాయి. ఇంక దీని పని అయిపోయిందనుకున్న సమయంలో విద్యుత్ శాఖకు ఒక ఆలోచన తట్టింది. నగరం అడుగున హై వోల్టేజి తీగలు వేయాలంటే ఎన్ని రోడ్లు తవ్వాలి? కాలువ గట్టు ఖాళీగా ఉంది కదా. 1979లో గట్టు కింద 4 లక్షల వోల్టుల తీగలు పరిచారు. అవి వేడెక్కకుండా కాలువ నీటినే గొట్టాల ద్వారా తిప్పి చల్లబరుస్తారు. గట్టు మీద సాయంత్రం షికారు చేసేవాళ్ల పాదాల కింద లండన్ కరెంటు నడుస్తోంది.

ఇది తలచుకున్నప్పుడు నాకు చెన్నై బకింగ్‌హామ్ కాలువ గుర్తొస్తుంది. ఒకప్పుడు ఒంగోలు దగ్గరి పెదగంజాం నుంచి మద్రాసు దాకా సరుకు, జనం పడవల మీద వెళ్లిన దారి అది. 1876–78 కరువులో కూలికి వచ్చిన జనం దాన్ని మద్రాసు నగరం నడుమ కలిపారు. 2004 సునామీ అల జోరును చాలాచోట్ల అడ్డుకున్నదీ అదే. లండన్‌లో కొత్త అవసరాన్ని గట్టు కింద పెట్టి నీటిని నీటిలాగే వదిలారు. చెన్నైలో నగర రైలు స్తంభాలను కాలువ నీళ్లలోనే పాతారు. మూడు కాలువలు ఊరి మధ్యనుంచి పారే బెజవాడ ఈ తేడాను జాగ్రత్తగా గమనించాలి.

సరుకు రవాణా పోయినా, ఇప్పుడు బ్రిటన్ కాలువల మీద 35 వేల పైచిలుకు పడవలున్నాయి. పారిశ్రామిక విప్లవం మంచి ఊపులో ఉన్ననాటికంటే ఇవి ఎక్కువ. లండన్ పరిసరాల్లోనే సుమారు 4 వేలు. చాలావాటిలో కుటుంబాలు కాపురముంటాయి. ఇల్లంటే 2.1 మీటర్ల వెడల్పు, మహా అయితే 22 మీటర్ల పొడవు. సొంత రేవు లేనివాళ్లు 14 రోజులకు మించి ఒకేచోట ఉండకూడదని 1995 చట్టం. రెండు వారాలకొకసారి లంగరెత్తి మరో పేటకు వెళ్లాలి.

వెళ్లదలచినవాళ్లకు నాలుగు మాటలు. లిటిల్ వెనిస్‌కు దగ్గరి ట్యూబ్ స్టేషన్ వార్విక్ అవెన్యూ. అక్కణ్నుంచి కామ్‌డెన్‌కు ఎండాకాలంలో పడవలు బాగా తిరుగుతాయి, చలికాలంలో తక్కువ. 1982 నుంచి అక్కడే పడవలో బొమ్మలాట నాటకశాల ఉంది, పిల్లలుంటే ముందే టికెట్లు తీసుకోండి. కామ్‌డెన్ నుంచి కింగ్స్ క్రాస్ దాకా నడక సుఖంగా ఉంటుంది, గట్టు మొత్తం ఉచితం, సైకిళ్లను మాత్రం కనిపెట్టుకుని నడవాలి. ఇస్లింగ్టన్ సొరంగంలోకి పడవలో వెళ్లాలంటే కెనాల్ మ్యూజియంవాళ్లు కొన్ని రోజుల్లో మాత్రమే తీసుకెళ్తారు. వీలున్న రోజు చూసుకుని ప్రయాణం పెట్టుకుంటే మంచిది.